కళ్ళకద్దుకుంటే ఓడిపోయినట్టా?

మా ఇంట్లో రెండు బంగారు పతకాలున్నాయి. రెండూ నేను ఎవరితోనూ కలబడకుండా గెలిచినవే. ఆడమనిషి, నలభై అయిదు దాటిన వయసు, తెల్ల బెల్టు, నా బరువు. ఈ నాలుగూ కలిసిన శాల్తీ దక్షిణ జర్మనీ మొత్తం మీద నేనొక్కదాన్నే కాబోలు. పోటీలో నా పేరు పిలుస్తారు, వెళ్ళి ఒక్కదాన్నే నిలబడతాను, మెళ్ళో పతకం వేస్తారు, జనం చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చాక మా ఆయన "కంగ్రాట్స్, ఎవర్ని ఓడించావ్?" అంటాడు. అలా అడిగిన ప్రతిసారీ ముందు ఆయన్నే ఓడించాలనిపిస్తుంది.

అలాంటిది, హాంబర్గ్‌లో జియు-జిత్సు పోటీకి పేరిచ్చాక వాళ్ళ వెబ్‌సైటు తెరిస్తే, నా పేరుకి ఎదురుగా మొట్టమొదటిసారి ఇంకో పేరు కనబడింది. ఉల్రికె. ఎవరో ఏమిటో తెలియదు. ఆవిడ అచ్చంగా నా కోసమే పుట్టిందన్నంత సంతోషం వేసింది. ఓడినా సరే, గెలిచినా సరే, ఒక్కసారి నిజమైన ఆట ఆడాలి. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే.

జియు-జిత్సు అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. బ్రెజిల్ నుంచి వచ్చిన కుస్తీ అనుకోండి. గుద్దులూ తన్నులూ ఉండవు. మందపాటి కోటూ ప్యాంటూ వేసుకుని, నడుముకి మన స్థాయి చెప్పే రంగు బెల్టు బిగించి (కొత్తవాళ్ళది తెలుపు), మ్యాట్ మీద ఒకళ్ళనొకళ్ళు పడేసి, మెడ నొక్కో మోచెయ్యి తిప్పో లొంగదీసుకోవాలి. ఇక నా వల్ల కాదనుకుంటే అవతలి మనిషి ఒంటి మీద చేత్తో రెండుసార్లు తట్టాలి. దాన్ని ట్యాప్ అంటారు. తట్టిన మరుక్షణం అవతలివాళ్ళు వదిలెయ్యాలి. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. నా గోలంతా దాని గురించే.

శుక్రవారం ఆఫీసు నుంచి మధ్యాహ్నమే బయటపడ్డాను. జిండెల్ఫింగెన్‌లో ఎస్-బాన్ ఎక్కి, ష్టుట్‌గార్ట్‌లో మారి, ఒంటిగంట దాటాక హాంబర్గ్ బండిలో కూలబడ్డాను. అయిదు గంటల పైన ప్రయాణం. వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట: సీటు రిజర్వేషను విడిగా కొనుక్కోవాలి. శుక్రవారం మధ్యాహ్నం అది లేకుండా ఎక్కితే కాసెల్ దాకా బాత్రూం తలుపు పక్కన నిలబడి లోకజ్ఞానం సంపాదించుకోవచ్చు. నా దగ్గర స్టీలు డబ్బాలో పులిహోర ఉంది. తినడానికి మాత్రం లేదు. ఆట ముందు బెల్టుతో సహా బరువు తూస్తారు, కాస్త ఎక్కువున్నా ఇంటికి పొమ్మంటారు. డబ్బా మూత సందులోంచి ఇంగువ వాసన వస్తుంటే, ఆపిల్ పండు ముక్కలు నములుతూ కూర్చున్నాను.

మాన్‌హైమ్‌లో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, సంచీలోంచి వేలాడుతున్న తెల్ల బెల్టు కొస చూసి అడిగాడు. "జూడోనా? మీ అబ్బాయి ఆడతాడా?"

"జియు-జిత్సు. ఆడేది నేను."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఓ! ఈ వయసులో కదలిక మంచిదేలెండి," అన్నాడు. డాక్టరు చీటీ రాసిచ్చినట్టు. ఆయన పాదం నా సంచీ మీద ఉంది. తియ్యమన్నాను, కొంచెం గట్టిగానే.

మా పైన అద్దం మీద బొమ్మ ఉంది: ఈ పెట్టెలో ఫోను మాట్లాడకూడదు. ఈ దేశంలో నాకు నచ్చినది ఇదే. ఏది చెయ్యకూడదో రాసి అతికిస్తారు. గాజు సీసాలు ఆదివారం డబ్బాలో వెయ్యకూడదు, రాసుంటుంది. మెట్లు ఏ వారం ఎవరు కడగాలో తలుపుకి తగిలిస్తారు. చదువుకుంటే చాలు, మర్యాదస్తులమైపోతాం. అటువంటి దేశంలో, మ్యాట్ మీద కాలు పెట్టేసరికి ఒక్క రూలూ రాసుండదు. అన్నీ "అందరికీ తెలిసినవే." ఎవరా అందరూ?

మూడేళ్ళలో ఒక్కొక్కటీ తిట్లు తిని నేర్చుకున్నాను. గోళ్ళు కత్తిరించుకోవాలి. మ్యాట్ మీదకి చెప్పులు రాకూడదు, మ్యాట్ దిగి ఉత్త కాళ్ళతో బాత్రూంకి పోకూడదు. ఈ రెండూ నాకెవరూ నేర్పనక్కర్లేదు, మా ఇంట్లో పుట్టినదాన్ని. పక్కనే ఇంకో జంట వచ్చి పడితే చిన్న బెల్టువాళ్ళు జరగాలి. నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడైనా సరే, ఊదా బెల్టు ఉంటే వాడు మహారాజు, నేను పక్కకి దొర్లాలి. పెద్ద బెల్టుని "నాతో ఆడతావా" అని మనం అడగకూడదు, వాళ్ళే పిలవాలి. బెల్టు ఎప్పుడిస్తారని అసలే అడగకూడదు. వయసుతో పని లేకుండా అందరూ అందర్నీ "నువ్వు" అనాలి. మొదటిరోజే మెట్టెలు తీయించారు, ఎవరి వేలైనా ఇరుక్కుంటే విరుగుతుందని. అది సబబే. తీశాను. మా అత్తగారికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

క్లాసు మొదట్లో వరసగా నిలబడి గోడకి దండం పెడతారు. గోడ మీద ఒక ముసలాయన ఫోటో. ఎవరో మూలపురుషుడట. మా కోచ్ మార్కుస్ మంచివాడే, కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు, దేవుడూ దయ్యమూ లేవంటాడు. ఆ పటం ముందు మాత్రం నడుం వంచుతాడు. పటానికి దండం పెట్టడం మనకేమైనా కొత్తా?

నాకు కష్టమైనది వేరే ఉంది. కాళ్ళు. ఈ ఆటంతా కాళ్ళతోనే. భుజం మీద, పొట్ట మీద, మొహం పక్కన, ఎక్కడ పడితే అక్కడ. మనకేమో కాలు తగిలితే చటుక్కున చెయ్యి వెళుతుంది, వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. బస్సులో, సినిమా హాల్లో, పుస్తకానికి తగిలినా సరే. మెదడుని అడిగి చేసే పనా అది? మొదట్లో క్లాసులో తగిలిన ప్రతిసారీ చేసేదాన్ని. ఆట ముక్కలు ముక్కలైపోయేది. తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాను. మ్యాట్ ఎక్కేముందు దాని అంచు ముట్టుకుని కళ్ళకద్దుకుంటాను. ఆరోజు తగలబోయే కాళ్ళన్నిటికీ కలిపి అడ్వాన్సు. భుజాలకీ వీపులకీ ఆ అడ్వాన్సు సరిపోతుంది. మొహానికి తగిలితే మాత్రం చాలదు. చెయ్యి దానంతటదే లేస్తుంది.

మార్కుస్‌కి ఈ సంగతి తెలుసు. "ట్యాపా?" అని మొదట్లో రెండు మూడుసార్లు ఆట ఆపి అడిగాడు. కాదని వివరంగా చెప్పాను. "ఓహో, పద్మయా నమస్కారం!" అని దానికో పేరు కూడా పెట్టాడు. నా పేరు పద్మజ. ఇక్కడివాళ్ళ నోట్లో జె అక్షరం య అయిపోతుంది. ఇప్పుడు మా క్లబ్బులో అందరికీ అది తెలుసు. మార్కుస్‌కి తెలుసు అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

హాంబర్గ్‌లో దిగేసరికి సన్నగా వాన, గాలి మాత్రం సన్నగా లేదు. మా చెల్లెలి కూతురు మేఘన ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తోంది. హైదరాబాద్ పిల్ల, జీగెన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. స్టూడెంటు టికెట్టు మీద రీజినల్ బళ్ళు మారుతూ మారుతూ పొద్దున్నుంచీ వచ్చింది.

"పెద్దమ్మా, పులిహోర తెచ్చినవా?" అదీ పలకరింపు.

"నేను తినకూడదు. నువ్వు తిను."

"మస్తు! నీ వెయిట్ కోసం నేను ఎంతైనా త్యాగం చేస్త." స్టేషను వెనక వీధిలో మేం దిగిన చిన్న హోటల్లో, మంచం మీద కాళ్ళు ముడుచుకుని డబ్బా ఖాళీ చేసింది. ఆ హోటలు గది గురించి చెప్పాలంటే, కిటికీ తెరిస్తే తలుపు తియ్యడానికి చోటుండదు. శుభ్రంగా ఉంది, బ్రెడ్డూ చీజూ పొద్దున్నే పెడతారు, స్టేషనుకి నడిచి పోవచ్చు. అంతకుమించి ఆశ పడకండి.

శనివారం పొద్దున ఉ-బాన్ ఎక్కి, ఊరి తూర్పున ఒక స్కూలు ఆటల హాలుకి వెళ్ళాం. హాలు నిండా మ్యాట్లు, చెమట, కాఫీ వాసన. మార్కుస్ మా క్లబ్బువాళ్ళతో కారులో ముందే వచ్చి ఉన్నాడు. బరువు సరిపోయింది. పదకొండు దాటాక మైకులో "పాద్మయా... ఉల్రికె" అని పిలిచారు. రెండు పేర్లు! ఎంత బాగుందో వినడానికి.

ఉల్రికె పొట్టి మనిషి, నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది. రేవులో కంటెయినర్ల లెక్కలు చూసే ఆఫీసులో పనట, తర్వాత తెలిసింది. అరచెయ్యి అరచేతికి తాకించి, పిడికిలి పిడికిలికి తాకించి, మొదలుపెట్టాం. ఈ పలకరింపు చెయ్యకుండా మొదలుపెడితే మహాపరాధం. అదీ ఎక్కడా రాసుండదు.

ఆవిడ పట్టు ఇనుము. మొదటి సగం ఆవిడ కిందే నలిగాను. తర్వాత ఎలాగో నడుం తిప్పి ఆవిణ్ణి దొర్లించాను. పాయింట్లు నా వైపు మారాయి. ఆవిడ కిందనుంచే నా కాలరు రెండు చేతులా పట్టుకుంది, మెడ నొక్కడానికి. నాకేమీ బిగియలేదు. ఆవిడ ఛాతీ మీదకి ఎక్కి కూర్చుందామని కాలు అటు విసిరాను. నిమిషం కూడా లేదు ఆట అయిపోవడానికి. "పెద్దమ్మా! ఎక్కు, ఎక్కు!" అని మేఘన అరుస్తోంది. ఎక్కాను. ఎక్కేటప్పుడు నా మడమ ఆవిడ పెదాల మీదుగా, ముక్కు మీదుగా రాసుకుంటూ పోయింది.

మొహం. పరాయి ఆడమనిషి మొహం. పైగా పెద్దావిడ.

చెయ్యి లేచింది. ఆవిడ భుజం ముట్టుకుని నా కళ్ళకి, మళ్ళీ ఆవిడ భుజం ముట్టుకుని నా కళ్ళకి. మా అమ్మ చిన్నప్పుడు నేర్పినట్టే, రెండుసార్లు.

ఉల్రికె కాలరు వదిలేసింది. రెఫరీ చెయ్యెత్తి ఆట ఆపేశాడు. పాతికేళ్ళవాడు, జుట్టు నడినెత్తిన ముడి వేసుకున్నాడు. వాడు ఉల్రికె చెయ్యి పైకెత్తుతుంటే ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఊరుకోలేదు.

"ఆపావేం?" అన్నాను.

"నువ్వు ట్యాప్ చేశావు."

"చెయ్యలేదు."

"రెండుసార్లు. నా కళ్ళతో చూశాను."

"ముట్టుకున్నాను. నా కాలు ఆవిడ మొహానికి తగిలింది. మాలో అది క్షమించమని అడగడం. ముట్టుకున్నాక చెయ్యి ఎక్కడికెళ్ళిందో చూడలేదా నువ్వు?"

"ఆట మధ్యలో క్షమాపణ అడగరు."

"ఎక్కడ రాసుంది?"

వాడు తెల్లబోయాడు. "అది అందరికీ తెలిసిందే," అన్నాడు.

చూశారా, మళ్ళీ ఆ "అందరూ"! పైన కూర్చున్నది నేను, పాయింట్లు నావి, ఊపిరి ఆడుతోంది నాకు. గెలుస్తున్న మనిషి ఎందుకు లొంగిపోతుందిరా అబ్బాయ్ అని తెలుగులోనే అడిగాను, జర్మన్ అందక. మ్యాట్ పక్కన కుర్చీలో కూర్చున్న మార్కుస్ వైపు తిరిగాను. చెప్పు, నీకు తెలుసుగా అన్నట్టు చూశాను. మార్కుస్ మొహం ఎర్రగా కందిపోయింది. మెల్లిగా అన్నాడు. "పద్మయా. రెఫరీతో వాదించకూడదు. చెయ్యి కలిపి దిగు."

దిగాను. ఉల్రికె చెయ్యి కలిపాను, రెఫరీ చెయ్యి కూడా. ఇద్దరే ఉన్న పోటీలో రెండో స్థానం, వెండి పతకం. పోయినసారి ఎవరితోనూ ఆడకుండా గెలిచాను. ఈసారి గెలుస్తూ గెలుస్తూ లొంగిపోయానన్నారు. ఓడిపోవడం నాకు కష్టం కాదండీ, ఓడడానికే కదా అంత దూరం పోయింది. లొంగనిదాన్ని పట్టుకుని లొంగావని చెప్పడం ఏమిటి?

బట్టలు మార్చుకునే గది బయట మార్కుస్‌ని నిలదీశాను.

"అది ట్యాప్ కాదని నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"మరి నోరు విప్పలేదేం?"

"కోచ్ తీర్పుని ప్రశ్నించడు. అది మర్యాద." తర్వాత కొంచెం తగ్గి అన్నాడు, "చూడు పద్మయా, ట్యాప్ అంటే నువ్వు అనుకున్నది కాదు, అవతలి మనిషికి అనిపించింది. రేపు ఎవరి మెడో నిజంగా నలుగుతుంటే, ఇది ట్యాపా, నమస్కారమా అని రెఫరీ ఆలోచిస్తూ నిలబడాలా?"

నిజం చెప్పాలి, ఈ మాట సబబే. మెడలు అందరివీ ఒకటే. ఆ రూలు లేకపోతే నేనే వాళ్ళ మధ్యకి వెళ్ళను. అక్కడితో ఆగుంటే మార్కుస్ నెగ్గేవాడు. ఆగలేదు. "ఆ అలవాటు పోగొట్టేద్దాం. వారానికి రెండుసార్లు ప్రాక్టీస్ చేద్దాం. నా మొహం మీద కాళ్ళు పెట్టు, చెయ్యి మాత్రం కదపకూడదు," అన్నాడు. పాపం, సాయమనే అనుకున్నాడు.

"నువ్వు ఆ గోడకి దండం పెట్టడం మానేసిన రోజున మొదలుపెడదాం," అన్నాను. అతను మిగతా వాళ్ళతో కలిసి సాయంత్రమే కారులో వెళ్ళిపోయాడు. దారిలో ఒక మెసేజి పెట్టాడు: "గొప్పగా ఆడావు!" పక్కన కండలు తిరిగిన చెయ్యి బొమ్మ. చెయ్యి బొమ్మే పంపాలా నాకు, ఆ రోజు?

మేఘన ఆటంతా వీడియో తీసింది. తీస్తే తీసింది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. తెనాలి నుంచి మా అమ్మ వాయిస్ మెసేజి వచ్చింది. గెలిచావా అని లేదు, దెబ్బలేమైనా తగిలాయా అని లేదు. "ఆవిడెవరో పెద్దావిడ మొహం మీద కాలు పెట్టావుటే? కళ్ళకద్దుకున్నావులే, చూశాను," అని మాత్రం ఉంది. ఆ హాలు మొత్తం మీద ఏం జరిగిందో సరిగ్గా చూసిన మనిషి ఆవిడొక్కతే. తెనాలిలో కూర్చుని.

సంచీ సర్దుకుంటుంటే ఉల్రికె వచ్చి ఎదురుగా నిలబడింది. పెదవి కొంచెం వాచింది.

"ఒకటి అడగనా? కళ్ళకి చేతులు ఎందుకు పెట్టుకున్నావు? నాకు ఆశ్చర్యమేసింది, నేను ఇంకా నొక్కనే లేదు."

చెప్పాను. కాలు, మొహం, అమ్మ, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా వింది. చివరికి పతకం చేత్తో తూచినట్టు పట్టుకుని, "అంటే నేను గెలవలేదు," అంది.

"లేదు," అన్నాను. మర్యాద కోసం అబద్ధం ఆడటం నాకు చేతకాదు. "ఇంకోసారి ఆడదామా?"

పక్కనున్న వాళ్ళ క్లబ్బు పిల్లవాడొకడు గతుక్కుమన్నాడు. పోటీలో అయిన తీర్పుని మళ్ళీ తవ్వకూడదట. ఇదొకటి, కొత్త రూలు. ఉల్రికె వాడి వైపు చూడలేదు. "రేపు పదింటికి మా క్లబ్బుకి రా. ఆదివారం క్లాసుండదు, ఎవరు కావాలంటే వాళ్ళు ఆడుకుంటాం," అంది.

సాయంత్రం రేవుకి వెళ్ళాం. లాండుంగ్స్‌బ్రూకెన్‌లో దిగితే నీళ్ళ పక్కనే చేపముక్క పెట్టిన బన్ను అమ్ముతారు. తినండి, బాగుంటుంది. గొడుగు మాత్రం తెరవకండి, గాలికి నాది అక్కడే విరిగింది. పెద్ద ఓడ ఒకటి పోతుంటే చూస్తూ తింటున్నాం.

"పెద్దమ్మా, ఒక మాట చెప్తే కోప్పడవు కద?" అంది మేఘన.

"కోపంగానే ఉన్నా. చెప్పు."

"ఆ ఒక్క నిమిషం చెయ్యి ఆపుకుంటే అయిపోతుండె కదా? గెలిచినంక మొక్కుతుంటివి, ఎంతసేపైనా. నేనైతే బస్సుల, యూనివర్సిటీల ఎప్పుడో బంద్ చేసిన. ఇక్కడోళ్ళు పిచ్చోళ్ళని చూసినట్టు చూస్తరు."

"చూస్తే?"

"చూస్తే ఏంది, సిగ్గు గాదా?"

దాన్ని తిడదామని నోరు తెరిచాను. ఓడ పొడుగ్గా కూత వేసింది. మేఘన నా చేతిలో మిగిలిన సగం బన్ను లాక్కుని తినేసింది.

ఆదివారం పొద్దున ఉల్రికె వాళ్ళ క్లబ్బు. పాత గోదాములో మేడ మీద, చిన్నది. ఇక్కడా గోడ మీద అదే ముసలాయన. మ్యాట్ అంచు ముట్టుకుని కళ్ళకద్దుకుని ఎక్కాను. ఈసారి అందరికీ ముందే చెప్పింది ఉల్రికె: "ఈవిడ అలా చేస్తే అది ట్యాప్ కాదు." ఎంత సుళువు! ఒక్క వాక్యం. ఇదే మాట నిన్న మార్కుస్ చెప్పి ఉంటే, సగం నిమిషం పట్టేది.

రెఫరీ లేడు. మేఘన ఫోనులో టైమరు పెట్టింది. అరచెయ్యి, పిడికిలి, మొదలు. నిన్నటి కన్నా నెమ్మదిగా, నిన్నటి కన్నా పట్టుదలగా ఆడాం. ఇద్దరి ఒంట్లోనూ ఎముకలు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. ఒకచోట ఆవిడ కిందనుంచి తప్పించుకోబోతూ కాలు విసిరింది. పాదం నా చెంప మీద పడింది, చెళ్ళుమని.

ఉల్రికె ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది. గబుక్కున నా భుజం ముట్టుకుని తన కళ్ళకద్దుకుంది. రెండుసార్లు, నిన్న నేను చేసినట్టే. తప్పులేకుండా.

నేనూరుకుంటానా? "ట్యాప్! ట్యాప్ చేసింది, అందరూ చూశారుగా! నేనే గెలిచాను!" అని అరిచాను. గదంతా పడి పడి నవ్వారు. ఉల్రికె నవ్వుతూ తిట్టింది, ఏదో హాంబర్గ్ తిట్టు, నాకు అర్థం కాలేదు. నవ్వుకుంటూ నేను కొంచెం పట్టు సడలించాను. ఆవిడ సడలించలేదు. ఎప్పుడు నా వెనక్కి చేరిందో, మోచెయ్యి ఎప్పుడు గడ్డం కిందకి దూరిందో తెలియదు. కాలరు బిగిసింది. కళ్ళు చీకట్లు కమ్మి, పక్కన కిటికీ చిన్నదైపోతోంది.

తట్టాను. టపటపటపా. ఆవిడ చేతి మీద, మ్యాట్ మీద, ఎక్కడ అందితే అక్కడ.

ఆ రెఫరీ అబ్బాయి అక్కడ ఉండాల్సింది. ట్యాప్ అంటే అదీ. నిజంగా లొంగిపోయిన చేతికి కళ్ళదాకా వచ్చే తీరిక ఉండదు.

దగ్గుతూ కూర్చున్నాను. ఉల్రికె మంచినీళ్ళు అందించి, "ఇప్పుడు గెలిచాను," అంది.

"ఇప్పుడు గెలిచావు," అన్నాను. నా జీవితంలో మొదటిసారి ఒక ఆట ఆడి ఓడిపోయాను. మా ఆయన అడగడానికి ఒక ప్రశ్న, నేను చెప్పడానికి ఒక మనిషి పేరు.

రెండు దాటాక తిరుగు బండి. మేఘన తన రీజినల్ బండి కోసం ఇంకో ప్లాట్‌ఫారానికి పోతూ ఖాళీ డబ్బా నా సంచీలో కుక్కింది. "నెక్స్ట్ టైం డబల్ తే. ఇంకా... పెద్దమ్మా, ఉల్రికె ఆంటీ మొక్కితే ఎవరు పిచ్చిగ చూడలే కదా," అంది. జవాబు కోసం ఆగకుండా పరుగెత్తింది.

బండి కిటకిటలాడుతోంది. నా ఎదురుగా, చిన్న బల్లకి అవతల, ఎనభై దగ్గర పడిన ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. హనోవర్ దాటింది, గోటింగెన్ దాటింది. నా బుర్రలో మాత్రం శనివారమే తిరుగుతోంది. ఉల్రికె మీద కోపం లేదు. ఆ కుర్ర రెఫరీ మీద కూడా తగ్గింది, వాడికేం తెలుసు. మార్కుస్ మీద తగ్గలేదు, తగ్గదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసి, మర్యాద పేరు చెప్పి నోరు మూసుకోవడం తప్పు. ఆ మర్యాద ఎక్కడా రాసిలేదు గనుక నేను ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా ఈ ఆటకి వెళితే, ఆట మొదలవక ముందే రెఫరీకి ఆ ఒక్క వాక్యం చెప్పండి. కోచ్ చెబుతాడని మాత్రం నమ్ముకోకండి.

నడుం పట్టేసింది. కాళ్ళు చాపుకుందామని బల్ల కింద కదిలించాను. నా బూటు ఆవిడ చీలమండకి తగిలింది.

చెయ్యి లేచింది. లేచి, మధ్యలో ఆగింది.

ఒక్క క్షణమే. కానీ ఆగింది. నేను ఆపలేదు. మార్కుస్ ఇంకా ఒక్క క్లాసూ తీసుకోలేదు, మేఘన ఇక్కడ లేదు, ఎవరూ చూడటం లేదు. అయినా నా చెయ్యి బల్ల పక్కన గాలిలో, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. ఒక్క వారాంతంలో! ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ చేతి మీదే.

వంగాను. బల్ల కిందకి చెయ్యి పోనిచ్చి, ఆవిడ మేజోడు కొసని వేళ్ళతో ముట్టుకుని, తీసి కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ వంగి మళ్ళీ. రెండుసార్లు.

ఆవిడ ఊలు ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏమైనా పడిపోయిందా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

"లేదండీ," అన్నాను. "ఏమీ పడిపోలేదు."